మడమ బయటికి

నా కాళ్ళకు పెడలు కొత్త కాదు.
ఇరవై రెండేళ్ళుగా అస్మరాలో,
ఖర్జూరపు చెట్ల వీధి వెనక సందులో
కుట్టుమిషను తొక్కుతున్నదాన్ని.
ఎంత తొక్కినా ఆ మిషను
నన్ను గుమ్మం దాటించలేదు.

సైకిలు క్లబ్బు పిల్లలకు జెర్సీలు కుడతాను.
వీపు మీద మూడు జేబులు, మెడ దగ్గర జిప్పు.
కొలతలిచ్చేటప్పుడూ కుదురుగా ఉండరు,
నిలబడ్డ చోటే కొండెక్కుతుంటారు.
వాళ్ళలో సెమ్హార్ పాదం పెరిగింది.
బూట్లు పెరగలేదు.
కుట్టుకూలి బదులు తెచ్చి నా బల్ల మీద పెట్టింది:
అడుగున ఇనప నాలుకలున్న బూట్లు,
వాటిని కరిచి పట్టుకునే పెడళ్ళ జత.
"నీకు సరిపోతాయి లెటే" అంది.
సరిపోయాయి. అదే వచ్చిన చిక్కు.

టెస్ఫాలెం నా పాత సైకిలుకు వాటిని బిగిస్తూ
పళ్ళ మధ్య పానా ఉండగానే చెప్పాడు:
"మూడుసార్లు పడతావు.
మొదటిది సిగ్గుకి, రెండోది మోచేతికి,
మూడోది బుద్ధికి. అందరం పడ్డవాళ్ళమే."
"పెళ్ళిబట్టలు ఒప్పుకున్నాను," అన్నాను,
"ఈ నెల నాకు మోచేతులు రెండూ కావాలి.
సిగ్గంటావా, ఎప్పుడో కత్తిరించి పారేశాను.
ఆ బుద్ధేదో ముందే ఇచ్చెయ్యి."

పానా తీసి నవ్వాడు.
"మడమ బయటికి" అన్నాడు. అంతే.

పాదం దించితే టక్కున పడుతుంది,
టిచ్ బటన్ పడ్డట్టు.
కానీ టిచ్ బటన్ లాగితే ఊడుతుంది.
ఇది లాగేకొద్దీ పట్టుకుంటుంది,
సంతలో పిల్ల తల్లి చెంగు పట్టుకున్నట్టు.
పడేవాళ్ళంతా పైకి లాగినవాళ్ళే.

కొట్టు షట్టరు పట్టుకుని, సైకిలు మీదే కూచుని,
ఎటూ పోకుండా
టక్, మడమ బయటికి.
టక్, మడమ బయటికి.
ఎడమకాలు నూరుసార్లు.
తర్వాత మళ్ళీ ఎడమకాలే నూరుసార్లు.
కుడికాలికి నేర్పలేదు.
భయం వేసినప్పుడు రెండు కాళ్ళూ సలహా చెబితే
పడేది మధ్యలో ఉన్న మనిషి.

ఎదుటి బారులో మకియాటో తాగే ముసలాళ్ళు
కుర్చీలు ఇటు తిప్పుకున్నారు.
పందేలు కాశారని
రొట్టెల కుర్రాడు ఫిల్మోన్ చెప్పాడు.
సోమవారం అని ఒకరు, కూడలి దగ్గర అని ఒకరు.
పడదని ఎవరూ కాయలేదట.
నేనూ కాసేదాన్ని కాదు.

ఆదివారం పొద్దున.
తూర్పు లోయలోంచి పొగమంచు
మస్సావా రోడ్డు మీదికి ఎక్కి వస్తోంది.
రెండు పాదాలూ కరుచుకున్నాక తెలిసింది,
పైకొచ్చే కాలు కూడా పని చేస్తుందని.
ఇన్నేళ్ళూ సగం సైకిలే తొక్కానన్నమాట.

బెలెస్ పళ్ళు అమ్మే మలుపు దాటగానే
నీళ్ళ డబ్బాలు మోస్తూ గాడిదలు,
ఏడు,
రోడ్డుకి అడ్డంగా, ఏ తొందరా లేకుండా.

అక్కడ ధైర్యం చేశానంటే అబద్ధం.
మంచులో వాటి చెవులు కనిపించినప్పుడే
మడమ తిరిగిపోయింది.
నన్ను అడగలేదు.
బ్రేకు ఆ తర్వాత. ఆగడం ఇంకా తర్వాత.
ఆగాక విడిపించుకుందాంలే అనుకునేవాళ్ళకి
నేలే మిగులుతుంది.
ఎడమకాలు రోడ్డు మీద ఆనింది,
పట్టు మీద సూది దించినంత మెత్తగా.

ఏమీ కాలేదు.
ఏడో గాడిద పోతూ పోతూ నన్నొకసారి చూసింది.
దానికీ ఎవరో చెప్పి ఉంటారు.

తిరిగొచ్చేసరికి బారు ముందు చప్పుడు లేదు.
పందెం డబ్బు ఎవరికియ్యాలో తెలియక
ఒక ముసలాయన నాకు మకియాటో చెప్పాడు.
టెస్ఫాలెం ప్యాంటు మడిచి మోకాలు చూపించాడు.
తొమ్మిది మచ్చలు.
"మూడని చెప్పింది నువ్వు జడుసుకోకూడదని."

ఇప్పుడు ఇంకో తంటా.
మిషను ఆపేముందు మడమ తిరుగుతోంది.
చర్చి గుమ్మంలో చెప్పు విప్పబోయినా తిరుగుతోంది.

ఫిల్మోన్ బుట్ట దించి
దిగాలుగా నిలబడ్డాడు:
"రేపైనా పడతావా?"
"రొట్టె వేడిగా తెస్తే ఆలోచిస్తాను."