తెల్లమొహం వేసిన ఆకు

విక్టోరియా సరస్సు గాలికి మా ఊళ్లో ఏడాదంతా ఒకటే ఉక్క.
గాజుపాకలో మాత్రం, కరెంటుంటే, ఇరవై రెండు డిగ్రీలు.
సూది లేని సిరంజిని ఆకు అడుగున ఆనించి
నెమ్మదిగా నొక్కుతాను.
తడి మరకొకటి ఈనెల మధ్య పాకుతుంది.

లోపలికి వెళ్లేది వైరస్సే.
కోరలు పీకి, దాని సంచిలో
కర్రపెండలం సొంత మాటే ఓ ముక్క పెట్టి పంపాం.
వైరస్‌ని తరుముతూ తరుముతూ
మొక్క ఆ మాటనీ నరుక్కుంటుంది.
ముల్లును ముల్లుతో తీయడం మా అమ్మమ్మకీ తెలుసు.
ఏ ముల్లు ఎంత లోతుకి దిగుతుందో తెలియకపోవడమే మా తంటా.

ముందు, పచ్చదనాన్ని కాపాడే జన్యువు మీద పరీక్ష.
దాని నోరు మూతపడితే ఆకు తెల్లబోవాలి.
పోయినేడు తెల్లబోయింది, అక్కడక్కడ,
సున్నం చిందిన గోడలా.
పై రెండాకులు ఏమీ ఎరగనట్టు మళ్లీ పచ్చగా.
ముక్క కుదించాం. పొడిగించాం. తిరగేసి పెట్టాం.
మరీ లేత మొక్కలు చచ్చిపోయాయి.
వందకి పదకొండు.
నివేదికలో ‘ఆశాజనకం’ అని రాస్తుంటే
చెయ్యి సిగ్గుపడింది.

కుండీలకు నీళ్లు పోసే వాస్వా అడిగాడోసారి:
“నోరు నొక్కేస్తే, అది చేసే పనేమిటో ఎలా తెలుస్తుంది, కెబిరుంగీ?”
నేను జవాబు వెతుక్కునేలోపు తనే చెప్పాడు.
కవల తమ్ముడు కాటో హాస్టల్‌కి వెళ్లిన రాత్రి
కోళ్లగూడు తలుపు ఎవరూ వేయలేదట.
తెల్లారేసరికి ఆరు కోళ్లు లేవు.
“అన్నాళ్లూ ఆ తలుపు దానంతటదే పడుతుందనుకున్నాం.”

ఇప్పుడు తరగతిలో నేనూ అదే చెబుతున్నాను.
వాస్వా పేరెత్తను. ఎత్తితే కోళ్ల ఖరీదు అడుగుతాడు.

ఇవాళ ఇరవై ఒకటో రోజు.
వందకి డెబ్బై నాలుగు!
చిగురు నుంచి అడుగాకు దాకా
మొక్కలు తెల్లమొహం వేసుకుని నిలబడ్డాయి,
వాటి ముందు మేమూ అలాగే.

రేపటి నుంచి అసలు పని.
పైన ఆకులు నవ్వుతుండగానే
నేలలో దుంపను గోధుమరంగు చారలతో కుళ్లబెట్టే రోగానికి
లోపలి నుంచి గడియ తీస్తున్నదెవరో.
పదమూడు మంది మీద అనుమానం.
ఒక్కొక్కరి నోరూ మూసి
ఏ రాత్రి కోళ్లు మిగులుతాయో చూడాలి.

వాస్వా చివరి కుండీ దగ్గర ఆగాడు.
సగం తెలుపు, సగం పచ్చ.
“దీన్ని లెక్కలో వేద్దామా?”
అంతలో కరెంటు పోయింది.
అప్పటిదాకా ఫ్యాన్లు తిరుగుతున్నాయని
అవి ఆగాకే వినబడింది.
ఇద్దరం జనరేటర్ వైపు పరుగు.