పొరుగు మాట

రాత్రి రెండున్నర. నక్కలగుట్ట ఆఫీసు.
ఘనపురం కాడ జేసీబీ పన్ను దిగి
పట్నం తీగ తెగింది.

రౌటర్ ఎన్నడూ రోడ్డు చూడలే.
పొరుగోళ్లు చెప్పిందే దానికి దేశపటం.
మూడు నిమిషాలు పలకని పొరుగును
లేనట్టే లెక్క రాసుకుంటది.

దగ్గరి దారని మురిసిపోదు.
ముందు మా సార్ రాసిన మొగ్గు చూస్తది,
ఎవని కిరాయి అగ్గువ, ఎవనితో దోస్తానా.
ఎన్ని చేతులు మారాల్నో ఎంచేది అటెన్క.
తన నంబరే తనకు చెప్పే దారినైతే
కడప కాడ్నే తిప్పి పంపుతది.

హుజూరాబాద్, కరీంనగర్ మీదుగా సుట్టు తిరిగి
పట్నం మళ్ల పలికింది.
ఎవల నిద్రా చెడలే.

సమ్మయ్య ఒక్కడు
స్ప్లైసింగ్ పెట్టె బండికి కట్టుకొని
తెగిన దిక్కుకే పోయిండు.