మూత లేని మధ్యాహ్నం

తిబిలిసిలో ఎండు వంతెన కింద నది లేదు.
ఎప్పుడో దారి మార్చుకుంది.
ఇప్పుడక్కడ పరుచుకునేవి దుప్పట్లు,
దుప్పట్ల మీద వెండి చెంచాలు, పాత యుద్ధాల పతకాలు,
జత తప్పిన చెవిపోగులు,
ఒక జోర్కీ కెమెరా.

"పని చేస్తుంది" అంది లమారా.
ఈ వంతెన మీద అందరూ అనే మాటే అది.
పతకాలమ్మేవాడు కూడా అదే అంటాడు.

ముందు కళ్ళు మూసుకుని చేతిలోకి తీసుకున్నాను.
ఆర్చిల్ నేర్పిన పద్ధతి.
గడియారాల కొట్టు వెనక గదిలో ముప్ఫయ్యేళ్ళు
కెమెరాల కడుపులు విప్పి కుట్టినవాడు.
ఊపి చూడు, అనేవాడు.
గలగలమందా, దించేసి దండం పెట్టి వచ్చెయ్.
అద్దం మీద గీతకి భయపడకు,
స్క్రూ తల మీద గీతకి భయపడు.
మొదటిది కాలం గీసింది.
రెండోది తెలిసీ తెలియనివాడు గీశాడు.

స్క్రూలు కన్నెత్తి చూసినవాడు లేనట్టున్నాయి.
తోలు ఒక మూల లేచింది.
బొటనవేలు ఆనే చోట మాత్రం
నలుపు అరిగి ఇత్తడి నవ్వుతోంది.
అంటే దీన్ని వాడారు.
బీరువాలో దాచిన వాటికి మెరుపెక్కువ, ఊపిరి తక్కువ.

వాసన చూశాను.
"పుచ్చకాయ కొంటున్నావా?" అంది లమారా.
బూజు ముందు ముక్కుకే దొరుకుతుందని
ఆమెకెలా చెప్పను.

లెన్సుని ఆకాశానికెత్తి ఏటవాలుగా చూశాను.
సాలీడు దారం లాంటి పోగు ఒక్కటీ లేదు.
దుమ్ము రేణువులు రెండు, గాజులో ఒక బుడగ.
బుడగ గాజుతోనే పుట్టింది,
పుట్టుమచ్చ చూపి బేరమాడకూడదు.

కొండ మీది టీవీ టవరుకేసి గురిపెట్టాను.
రెండు టవర్లు. ఒకటి నిజం, ఒకటి దాని పసుప్పచ్చ దెయ్యం.
రింగు చివరిదాకా తిప్పితే
ఒకదానిలో ఒకటి ఒదిగాయి,
వెంట్రుకవాసి తేడాతో.
ఆ వెంట్రుక నాది, పావుగంట పని.

షటర్ బిగించాకే వేగం మార్చాను.
వరస తప్పితే లోపల పన్ను విరుగుతుంది.
ఒక సెకను పెట్టి చెవి దగ్గర వదిలాను:
జుయ్యిమని బయల్దేరి, మధ్యలో నత్తి కొట్టి,
ఎలాగో ఇల్లు చేరింది.
చమురు గడ్డకట్టింది. జబ్బేమీ కాదు, పస్తు.

ఇక మిగిలింది గుడ్డ తెర.
వెనక పలక ఊడదీసి ఎండకేసి పట్టాను.
నల్లటి చీకట్లో,
కుడివైపు కాస్త పైన,
ఆవగింజంత సూర్యుడు.

"దీనికి మూత ఉండేదా?"
"ఉండేది."
"ఎప్పుడో ఎండలో, మూత లేకుండా,
ముఖం ఆకాశానికి పెట్టి వదిలేశారు.
లెన్సు భూతద్దమైంది. తెర కాలింది."

లమారా చెంచాలు సర్దడం ఆపేసింది.
"బజలేటి చెరువు దగ్గర," అంది కాసేపటికి.
"ఎతేరికి నాలుగేళ్ళు. నీళ్ళలోకి జారింది.
ముర్మన్ కెమెరా గడ్డి మీద పడేసి దూకాడు.
మళ్ళీ దాని సంగతి
సాయంత్రం దాకా ఎవరికీ గుర్తు రాలేదు."

ఆ తర్వాత ప్రతి ఫొటోలో ఒక తెల్ల చుక్క.
పుట్టినరోజు కేకు పక్కన, పెళ్ళివారి తలల మీద,
అర్ధరాత్రి తీసిన వంటగది గోడ మీద కూడా.
అత్తగారు దేవదూత అనేది.
ముర్మన్ మాత్రం స్టూడియో వాడే
ఫిల్ము పాడు చేశాడని పోట్లాడి,
పోయేదాకా వాడితో మాట్లాడలేదు.

నేను ధరలో ఇరవై లారీలు తగ్గించమన్నాను.
ఆమె వినలేదు.
మూడు దుప్పట్లవతల, టోపీ కిందికి లాక్కుని
పాత ఫ్రేములమ్ముతున్న ముసలాయన వైపు తిరిగి,
రోడ్డంతా తిరిగి చూసేలా అరిచింది:
"వాలికో! తప్పు నీది కాదట!"

ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.
ఆమె మళ్ళీ అరిచింది.
చేతిలో ఉన్న ఫ్రేము పైకెత్తి
ఆయన గట్టిగా బదులిచ్చాడు:
"పని చేస్తుంది!"