మాయ మీద మసి

వేలికొసన సూది గుచ్చి మూడుసార్లు చూశాను,
ఏప్రిల్లో ఒకసారి, మే నెలలో రెండుసార్లు.
గాజుపలక శుభ్రం.
జ్వరం లేదు, వణుకు లేదు,
"కాస్త నీరసం, అంతే" అంది రిస్పర్ అవినో,
బెంచీ చివర, కడుపు మీద చెయ్యేసుకుని.
రిజిస్టరులో "లేదు" అని రాశాను
మూడుసార్లూ నీలం సిరాతో.

వానలకు కల్వర్టు కొట్టుకుపోయింది.
మందుల బండి అవతలి గట్టునే ఆగిపోయింది.
నర్సు ఎదుట మింగాల్సిన మూడు మాత్రలు
ఆ నెల ఎవరి గొంతూ దిగలేదు.

ఇవాళ తెల్లవారుజామున
సరస్సు మీద చేపల పడవల దీపాలు
ఒక్కొక్కటే ఆరుతుండగా నీళ్లాడింది.
ఆడపిల్ల. రెండు కిలోలకు నూరు గ్రాములు తక్కువ.
సంతలో డబ్బాడు మొక్కజొన్నలు
ఇంతకంటే బరువు తూగుతాయి.

తర్వాత మాయ పడింది.
పెనీనా దాన్ని స్టీలు పళ్లెంలో తెచ్చి
నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లింది.
గోరంత ముక్క కోశాను.
గాజు మీద అద్ది, రంగు పోసి, కడిగి, ఆరబెట్టి
కటకం కిందికి జరిపాను.

ఇక్కడున్నారా మీరంతా!

వేలికొసకు చిక్కకుండా
ఒంటికి వెచ్చదనమైనా తెలియనివ్వకుండా
తల్లి నెత్తురు బిడ్డకు ముద్ద అందించే గడపకు
బంకలా అతుక్కుని కూర్చున్నారు.
ఇరవై ఏళ్లు మిమ్మల్ని తరిమి తరిమి
ఆ ఒంటికి మీ వేషాలన్నీ తెలుసు.
ఈ గడప ఒక్కటే కొత్తది,
తొమ్మిది నెలల కోసం కట్టుకున్నది.
తొలిచూలు. కాపలావాడికి ఇంకా పని రాదు.
ఆ సంగతి మీకెవరు చెప్పారు?

మీరు తిని వదిలిన నల్లటి రజను
పొర పొరలోనూ.

తలుపు దగ్గర అత్తగారు దోర్సిలా, చేతిలో అరటాకు.
"బియెరో ఇవ్వు" అంది.
మాయకు ఇక్కడ పేరు అది.
దాన్ని పూడ్చిన నేలే మనిషికి ఊరు.
నీ బియెరో ఎక్కడ అని ఎవరైనా అడిగితే
ఇల్లెక్కడని అర్థం.
(నాది ఏదో పట్నం ఆస్పత్రి కొలిమిలో కాలిపోయింది.
ఆ ప్రశ్నకు ఇప్పటికీ తడబడతాను.)

పళ్లెం అంచు వేలితో తడిమి
"ఒక ముక్క తక్కువుంది" అంది.
చెప్పాను. నమ్మలేదు. చూడమన్నాను.
ఒక కన్ను చేత్తో మూసుకుని వంగింది.
చాలాసేపు.
"లాంతరు చిమ్నీ" అంది.
"రోజూ నేను తుడిచే మసి."

కన్ను తియ్యకుండానే మళ్లీ:
"నా మొదటిదీ ఇంతే. పిచ్చుకంత.
ఆరు రోజులుంది.
నా సవతి అచోలా కన్ను పడిందన్నారు.
నేనూ అన్నాను.
నలభై ఏళ్లు దాని కుండలో నీళ్లు ముట్టలేదు.
నిరుడు పోయింది."

బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుపోయారు.

"ఇంటి వెనక జెముడు కంచె కింద పూడ్చాను.
అదీ ఇలాగే నల్లగా ఉండేదా?"

ఆ పలక నా దగ్గర లేదు.
ఉండి ఉండొచ్చు అనాలా,
తెలియదు అనాలా,
రెండూ నోట్లోనే ఉండిపోయాయి.

మిగిలిన ముక్క ఆకులో పెట్టి ఇచ్చేశాను.
గాజు మీద అద్దింది మాత్రం ఇవ్వలేను అన్నాను.
ఆ పిల్ల ఊరు గోరులో సగమంత
నా చెక్కపెట్టెలోనే ఉంటుంది.
ఆమె తలూపింది. కోపం లేదు.
రెండో కాన్పుకి ఒళ్లు కాస్త నేర్చుకుని ఉంటుందని,
అయినా మాత్రలు మానొద్దని చెప్తున్నాను,
వింటోందో లేదో.

చీటీ మీద పేరు రాయాలి.
"పిల్లకేమైనా అనుకున్నారా?"

"రాత్రిదాకా వేరే అనుకున్నాం" అంది,
పొట్లానికి అరటినార ముడి వేస్తూ,
ముడి మళ్లీ విప్పి, మళ్లీ వేస్తూ.
"అచోలా అని రాయి."