ఆగే చోట్లు

మా నాన్న మెర్వ్ టూహీకి
ఎడమచెయ్యి కుడిచేతికంటే ఒక అంగుళం పొడుగు.
పందొమ్మిదేళ్లు ట్రాము పక్కపలక మీద వేలాడుతూ
ఒక చేత్తో ఇత్తడి కడ్డీ, ఒక చేత్తో చిల్లర.
సిడ్నీలో వాన ఎటునుంచి కొడుతుందో
ఆయన వీపుని అడగాలి.

ట్రాములు దారికి అడ్డమన్నారు.
ఎవరి దారికి అని
అడిగినవాళ్లు లేరు.

చివరి ట్రాముకి జనం విరగబడ్డారు.
ముందువారం ఖాళీగా తిరిగిన ట్రామే అది.
కిటికీ పట్టీలు, నంబరు పలకలు
ఊడబెరుక్కుని జేబుల్లో దోపుకుని దిగారు,
చావింట్లో గిన్నెలు సర్దుకున్నట్టు.

తర్వాత వాటిని రాండ్విక్‌లో తగలబెట్టారు.
నాన్నకి ఆ పనే దొరికింది, రోజుకూలికి.
కలప బాగా మండిందట.
మూడుసార్లు ఉతికినా చొక్కాకి వార్నిష్ వాసన పోలేదు.
అమ్మ ఏమీ అనలేదు. దాన్ని విడిగా ఆరేసింది.

ఆ కూలికి ఇంకొంత అప్పు కలిపి
హోల్డెన్ కారు కొన్నాడు, లేత ఆకుపచ్చది.
వీధంతా వచ్చి తలుపులు తీసి, వేసి చూశారు.

మొదటి ఆదివారం లా పెరూస్‌కి బయల్దేరాం.
రోడ్డు మీద కొత్త తారు.
దాని కింద పట్టాలున్నాయని టైర్లకి తెలీదు.
నాన్నకి తెలుసు.
పాత స్టాపు రాగానే కారు ఆగింది,
నాలుగు లెక్కపెట్టేంతసేపు.
కదిలింది. మళ్లీ స్టాపు. మళ్లీ ఆగింది.
వెనక ఒకటే హారన్లు.
తమ్ముడు సిగ్గుతో సీటు కిందికి జారిపోయాడు.
"ఇంజను వేడెక్కింది" అన్నాడు నాన్న.
కొత్త ఇంజను!

మరూబ్రా దగ్గర మిసెస్ బుజేయా,
కూరల సంచీతో, రాని బస్సు కోసం ఎండలో.
కారు ఆగింది కదా అని
తలుపు తీసి నా పక్కన కూలబడింది.
నాలుగు పెన్నీలు ముందుకి చాచింది.
నాన్న తీసుకున్నాడు.
టికెట్ల కోసం నడుముకి లేని సంచీ తడుముకున్నాడు.
కారు కదల్లేదు.
అప్పుడు సీటు కిందనుంచి తమ్ముడు
టింగ్ టింగ్ అన్నాడు, రైట్ రైట్ అన్నట్టు.

ఇప్పుడు అదే రోడ్డు మీద
నా కారు ఆగి ఆగి పోతుంది, స్టాపు లేనిచోట కూడా.
ముందు కారులో ఒక్కరు, పక్క కారులో ఒక్కరు,
ఇందులో నేను.
ఖాళీ సీట్లు లెక్కపెడుతూ కూర్చుంటాను,
పాడలవాటు, ఇంటిపేరుతో వచ్చింది.

హోల్డెన్ అమ్మేసిన రోజున
బూడిద డబ్బాలో ఆ నాలుగు పెన్నీలు అలాగే ఉన్నాయి.
అప్పటికి పెన్నీలు చెల్లడం మానేసి చాలా కాలం.
తీసి నా చేతిలో పెట్టబోయి, ఆగాడు.
"నావి కావమ్మా" అన్నాడు,
"డిపోకి కట్టాల్సినవి."