నలభై ఏడో సీసా

పదకొండు గంటలకు సున్నా పాయింట్ ఎనిమిది.
సంతకం పెట్టిన, ముద్ర కొట్టిన,
ఎర్రగుంటపల్లి ట్యాంకు నీళ్లు తాగొచ్చని
కాగితం ఫొటో తీసి వాట్సాప్‌ల పంపిన.

సీసా పారబోసుడు మరిచిపోయిన.
రామగిరి రోడ్డంతా కరెంటు లేదు.
సద్ది తిన్న, చెయ్యి కడుక్కున్న,
కరెంటొచ్చినంక ఏం తోచక
అదే సీసాను మళ్లీ యంత్రంల పెట్టిన.

ఒకటి పాయింట్ ఆరు.

మూత బిగించిన సీసాల, బల్ల మీద,
ఎవ్వరూ ముట్టని నీళ్లల్ల
రెండు గంటలల్ల ఫ్లోరైడ్ ఎట్ల పుడుతది?

ముందుగాల సీసాను అనుమానించిన.
యాసిడ్‌తోటి కడిగి ఎండబెట్టి మళ్లీ చూసిన, అదే కథ.
తర్వాత ఎండను. మే నెల నల్లగొండల
దేనికైనా ఎండను తిట్టొచ్చు, ఎవరూ కాదనరు.
ఐసు నీళ్లల్ల నిలబెట్టిన.
మెల్లగ ఎక్కింది, ఎక్కుడు మాత్రం ఆపలే.
ఆఖరికి నా కండ్లను అనుమానించుకున్న,
అద్దాలు మార్చి మూడు నెలలు గూడ కాలే.

పక్కన నలభై ఎనిమిది, ఒట్టి బోరు నీళ్లు.
పొద్దుగాల ఒకటి పాయింట్ తొమ్మిది,
మాపటికీ అంతే.
చెడ్డ నీళ్లు మాట మీద నిలబడ్డయి,
శుద్ధి చేసిన నీళ్లే మాట మార్చినయి.

రెండో రోజు మైసయ్య ఇంకో క్యాను మోసుకొచ్చిండు.
ట్యాంకు కాడ పటిక, సున్నం కలిపేది ఆయనే.
మెడ తిరుగదు, పిలిస్తే మనిషే తిరుగుతడు,
తలుపు తిరిగినట్టు.
జరిగింది చెప్పిన. ఇనుకుంట నిలబడి అడిగిండు:
“అంటే పొద్దుగాల తాగొచ్చు,
మాపటికి తాగొద్దా మేడం?”

నవ్వొచ్చింది. నవ్వలేకపోయిన.

“పటిక ఎంతేస్తున్నవ్?”
“రాసిచ్చిన లెక్క మీద ఇంకో దోసెడు.
బడి పిల్లలు తాగుతరు గదా.”

ఆ రాత్రి రిటైరైన ఖుర్షీద్ మేడంకు ఫోన్ చేసిన.
అంత ఇన్నది. ఒక్కటే అడిగింది:
“పటికల ఉండేదేంది?”

అల్యూమినియం.

మన ఎర్ర మందుల జిర్కోనియం రంగును పట్టుకొని ఉంటది.
ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియాన్ని గుంజుకపోతది,
రంగు వెలుస్తది.
ఎంత వెలిస్తే అంత విషమని మన లెక్క.
ఈ సీసాల అల్యూమినియం
ముందే ఫ్లోరైడ్ చెయ్యి పట్టుకున్నది.
జిర్కోనియం పిలుస్తనే ఉంటది.
ఇది ఇడువదు.
ఇడుస్తది, గానీ
ఒక్కో వేలు, ఒక్కో వేలు.

“రెండు గంటలు ఆగి చదువాలె బేటా,
పుస్తకంల ఉన్నది, అడుగున, చిన్నక్షరాలల్ల.”

నమ్మిన. అయినా తెల్లారి
లెక్క తెలిసిన ద్రావణంల
కావాలని ఒక చుక్క పటిక నీళ్లేసిన.
నా చేతులతోటి నేను కలిపింది,
అది గూడ అబద్ధమాడింది.
స్టూలు మీద కూసొని గడియారం చూసుకుంట ఉన్న.
పదిహేను నిమిషాలకు కొంచెం నసిగింది.
రెండు గంటలకు ఒప్పుకున్నది.

ఎంత సంతోషమైందో చెప్పలేను.
ఒక్కదాన్నే లేచి చప్పట్లు కొట్టిన,
అటెండర్ లింగస్వామి తొంగి చూసిండు.

తర్వాత రిజిస్టర్ తెరిచిన.
ఆర్నెల్ల సంతకాలు, అన్నీ నావే.
ఎన్ని సీసాలు అడిగిన ఎంబడే చెప్పిన జవాబుకు
సరే అని పారబోసిన్నో.
ఏ గడిల చూసినా నీళ్లున్నయి, ఊరున్నది, అంకె ఉన్నది.
ఏ టైముకు చదివిన్నో లేదు.

మైసయ్యకు ఫోన్ చేసిన.
ఎక్కువ దోసెడు వద్దన్న.
“తక్కువేస్తే విషం పెరుగదా?”
“లెక్క ప్రకారం ఏయి. మళ్లీ చూసి చెప్త.”
“సరే మేడం.”
“ఇంకోటి, మైసయ్యా. ఆ కాగితం...
తాగొచ్చని పంపింది. అది చింపెయ్యి.”

కొంచెం సేపు ఏం మాట్లాడలే.
ట్యాంకు మీద మోటరు చప్పుడు ఇనిపిస్తున్నది.

“బడి గోడకు అతికిచ్చిన్రు మేడం.
మైదా పిండితోటి.”