నాలుగో నంబరు

చీమకుర్తి హైస్కూల్లో జెర్సీలు పదకొండే.
ముందు మగపిల్లల సీజను.
ఒంగోల్లో అయిదు సున్నా.
మాలకొండయ్య బస్సులో కిటికీ వైపు తిరిగి
భుజం మీది చినుగు అరచేత్తో మూసుకునే వచ్చాడు.

దసరా సెలవులయ్యాక మా వంతు.
నాలుగో నంబరు నాకొచ్చింది.
ఎన్ని నీళ్లలో జాడించినా రాతిపొడి వదల్లా.
ఇంట్లో ఉండేది ఎర్రదారమే,
దాంతోనే కుట్టా.

గోలుపోస్టులంటే క్వారీ వాళ్లు పారేసిన రాళ్లు.
బంతి వాటికి తగిలిందా
మన మొహానికే తిరిగొస్తుంది.
అద్దంకిలో మేమూ ఓడాం, రెండు ఒకటి.
ఆ ఒకటి నాది.

ఏడాది తిరిగింది, మళ్లీ వాళ్ల సీజను.
సున్నపు గీత బయట గొంతుక్కూర్చుని చూస్తున్నా.
దుమ్ములో పరిగెత్తే వీపుల మధ్య
ఒక ఎర్రకుట్టు.

వాడి కాళ్లకింద నుంచి బంతి జారినప్పుడల్లా
నా భుజం పీకుతోంది.